ఫర్నిచర్స్, అడ్వైసెస్, వన్ లేడీస్... ఇంగ్లిష్ నౌన్స్ దగ్గర మన పిల్లలు ఎందుకు బోల్తా పడుతున్నారు?

వంశధార టీచర్, గుణుపూర్

అందరికీ నమస్కారం. నేను ఇంటి దగ్గర ట్యూషన్ చెబుతాను, ఆరో తరగతి నుంచి పది దాకా. వచ్చేవాళ్లలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అనే పిల్లలు ఎక్కువ, అచ్చంగా ఒడియా ఇళ్ల పిల్లలూ ఉన్నారు, ఒకరిద్దరు సవర తెగ పిల్లలు కూడా వస్తారు. టెన్సులు, ప్రిపొజిషన్లు ఎలాగోలా నెట్టుకొస్తున్నాం కానీ నౌన్స్ దగ్గరికి వచ్చేసరికి ప్రాణం విసిగిపోతోంది. మొన్నటి టెస్టు పేపర్లలోంచి కొన్ని రాస్తాను, పలికినట్టే తెలుగులో రాస్తున్నా:

ఐ హావ్ ఏ టెన్ రుపీస్ నోట్.
ద మిల్క్ ఆర్ స్పాయిల్డ్.
రవి ఫాదర్ ఈజ్ ఏ డ్రైవర్.
హి గేవ్ మీ మెనీ అడ్వైసెస్.
ఐ హావ్ త్రీ బుక్.
మేథమేటిక్స్ ఆర్ డిఫికల్ట్.

గైడులో "ఈ మాటలకు ఎస్ చేర్చరాదు" అని ఒక పేజీ ఉంది. అది బట్టీ పట్టించాను, అప్పజెప్పమంటే గడగడా అప్పజెబుతారు, వ్యాసం రాయమంటే మళ్లీ అడ్వైసెస్. ఇంకో చిత్రం, తెలుగు పిల్లలు చేసే తప్పు ఒడియా పిల్లలు చేయరు, వాళ్లు చేసేది వీళ్లు చేయరు. దీనికి ఏమైనా తీరూ తెన్నూ ఉందంటారా?

నాగావళి గట్టు, రాయగడ

అక్కా, నేను బ్యాంకు, ఎస్ఎస్‌సీ ఉద్యోగ పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నా. తప్పు ఎక్కడుందో పట్టుకోమనే ప్రశ్నల్లో నౌన్స్ నుంచి తిప్పి తిప్పి అవే అడుగుతారు. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, లగేజ్, ఎక్విప్‌మెంట్, సీనరీ, మెషినరీ, హోమ్‌వర్క్, ఎవిడెన్స్... వీటికి ఎస్ కనిపిస్తే అదే తప్పు, కళ్లు మూసుకుని టిక్ పెట్టేయడమే. రెండోది వన్ ఆఫ్. వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్... ఇందులో ఫ్రెండ్స్‌కి ఎస్ ఉండాలి, క్రియ మాత్రం ఈజ్. మా సార్ చెప్పే కిటుకు ఏంటంటే గుంపులోంచి ఒకణ్ణి లాగుతున్నావు, కాబట్టి గుంపు ఉండాలి, కానీ నీ చేతికొచ్చింది ఒక్కడే.

అడ్వైస్‌లో ఇంకో మెలిక కూడా ఉంది. సీతో రాస్తే అడ్వైస్, అది నౌన్. ఎస్‌తో రాస్తే అడ్వైజ్, అది వెర్బ్. మనవాళ్లు రెండిటినీ ఒకేలా పలుకుతారు కాబట్టి రాసేటప్పుడు రెండూ కలిపేస్తారు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

తీరూ తెన్నూ ఉంది తల్లీ. కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ గొడవతోనే నా సర్వీసంతా గడిచింది. మీరు రాసిన ఆరు వాక్యాల్లో ఐదు తెలుగు లెక్కన చూస్తే తప్పులే కావు. పిల్లవాడు మనసులో తెలుగు వాక్యం అనుకుని దానికి ఇంగ్లిష్ మాటలు తొడుగుతున్నాడు, అంతే.

పది రూపాయల నోటు. చూశారా, మనం "రూపాయల" అని బహువచనంలోనే అంటాం, మూడు గంటల పరీక్ష, ఐదేళ్ల పిల్లాడు, అన్నీ అంతే. ఇంగ్లిష్‌లో సంఖ్య, దాని పక్క మాట కలిసి ఇంకో నౌన్ ముందు విశేషణంగా కూర్చున్నాయంటే ఎస్ ఎగిరిపోతుంది. టెన్-రుపీ నోట్, త్రీ-అవర్ ఎగ్జామ్, ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్. మధ్యలో అడ్డగీత. అదే విడిగా చెబితే ఎస్ మళ్లీ వస్తుంది, ద బాయ్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్. ఈ ఒక్కటీ బోర్డు మీద రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి చూపిస్తే చాలు, పేజీ పేజీ బట్టీ అక్కర్లేదు.

పాలు విరిగిపోయాయి. పాలు, నీళ్లు, బియ్యం మనకు పుట్టుకతోనే బహువచనం, "నీళ్లు వచ్చాయి" అంటాం తప్ప "నీళ్లు వచ్చింది" అనం. అందుకే మిల్క్ ఆర్. ఒడియాలో పాణి, దూధ రెండూ ఏకవచనమే, కాబట్టి ఆ పిల్లలకు ఈ చిక్కే లేదు. లెక్కలు కూడా ఇదే బాపతు. మేథమేటిక్స్ చివర ఎస్ ఉంది, తెలుగులో లెక్కలు అని "లు" ఉంది, ఇక ఆర్ రాయకుండా ఎవడాపగలడు? ఫిజిక్స్, ఎకనామిక్స్, న్యూస్, మీజిల్స్, మంప్స్ అన్నిటికీ ఎస్ ఉంటుంది, అన్నిటికీ ఈజ్ వస్తుంది.

రవి నాన్న. తెలుగులో "యొక్క" అక్కర్లేదు, రెండు పేర్లు పక్కన పెడితే చుట్టరికం తెలిసిపోతుంది. ఒడియాలో "రబిర బాపా" అని "ర" పడాల్సిందే. అందుకే ఒడియా పిల్లాడు అపాస్ట్రఫీ ఎస్ మర్చిపోడు, మనవాడు మర్చిపోతాడు.

అడ్వైసెస్ కూడా మన "సలహాలు" అనే మాటలోంచి వచ్చిందే. ఇక మిగిలింది త్రీ బుక్. అది ఒడియా పిల్లాడిది అయ్యుంటుంది, పందెం. ఒడియాలో "తినిటా బహి" అంటారు, మూడు అని అంకె చెప్పాక పుస్తకానికి మళ్లీ బహువచనం ఎందుకు అనేది వాళ్ల భాష పద్ధతి. అందులోనూ న్యాయం ఉంది మరి.

వంశధార టీచర్, గుణుపూర్

> అది ఒడియా పిల్లాడిది అయ్యుంటుంది, పందెం.

మాస్టారూ, పేపరు తీసి చూశాను. మీరు గెలిచారు. 😄

గోదారి గాలి, రాజమండ్రి

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, ఒడిశాలో తెలుగు పిల్లలు ఒడియా బడికి ఎందుకు వెళ్తున్నారు? వలస వెళ్లినవాళ్లా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మేం ఎక్కడికీ వలస పోలేదు బాబూ, సరిహద్దే మమ్మల్ని దాటుకుని అటు పోయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి ప్రావిన్సు అయినప్పుడు గంజాం, కొరాపుట్ వైపు చాలా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు కలిసింది. అంతకుముందు నుంచీ ఇక్కడున్న తెలుగువాళ్లం ఇక్కడే ఉన్నాం. పైగా ఇదే ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులు గారు మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని పట్టుబట్టారు. పిల్లాడి ఇంటి భాష తెలియకుండా వాడి తప్పు దిద్దలేం అనే మాట ఇక్కడ కొత్తదేమీ కాదు. సరే, విషయానికి వద్దాం.

జైపూర్ దుకాణం, జైపూర్

ఏటండీ బాబూ ఈ రాద్ధాంతం! నా షాపు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఫర్నిచర్స్ అనే రాయించాను, వచ్చినవాడెవడూ ఎస్ ఎక్కువైందని వెనక్కి పోలేదు. నాలుగు కుర్చీలు, రెండు మంచాలు, ఒక బీరువా కనిపిస్తుంటే అవి ఫర్నిచర్స్ కాక మరేటి? లెక్కపెట్టలేనివి అంటారేంటి, నేను రోజూ రాత్రి లెక్కపెట్టే షట్టర్ దించుతాను. దేశంలో కోట్లమంది ఒకలా మాట్లాడితే అది తప్పెలా అవుతుందండీ?

బరంపురం బావ, బరంపురం

దుకాణం గారి మాటలో సగం నిజం ఉంది. 😀 ఆఫీసుల్లో ఇప్పుడు ఫీడ్‌బ్యాక్స్, లెర్నింగ్స్, స్టాఫ్స్ అన్నీ నడిచిపోతున్నాయి. మా ఆఫీసులో మెయిల్ వచ్చిందంటే "ఆల్ స్టాఫ్స్ ఆర్ రిక్వెస్టెడ్" అనే మొదలవుతుంది, స్టాఫ్ అంటేనే మొత్తం సిబ్బంది అని ఎవరికి చెప్పాలి, స్టాఫ్ మెంబర్స్ అంటే గొడవే ఉండదు కదా.

నా వంతు ఒకటి. లేడీస్, జెంట్స్. తెలుగులో "ఒక లేడీస్ వచ్చి అడిగింది", "ఎవరో జెంట్స్ ఒకాయన" అని మనం హాయిగా అంటాం, లేడీస్ అనేది మనకు ఏకవచనం అయిపోయింది. అదే ఇంగ్లిష్‌లోకి తోసేస్తే వన్ లేడీస్ ఈజ్ వెయిటింగ్ అవుతుంది. పేరెంట్స్ కూడా అంతే, స్కూల్ మీటింగ్‌లో ఒకాయన లేచి ఐ యామ్ ఏ పేరెంట్స్ అన్నాడు. షూస్‌లు, చిప్స్‌లు అయితే చెప్పనే అక్కర్లేదు, ఇంగ్లిష్ ఎస్ మీద తెలుగు "లు" ఎక్కించి డబుల్ బహువచనం.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

దుకాణం వారికి: లెక్కపెట్టేది కుర్చీల్నీ మంచాల్నీ, ఫర్నిచర్‌ని కాదు. ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. మనం బంగారాలు, మట్టిలు, పిండిలు అంటామా? తులం బంగారం, తట్టెడు మట్టి, కిలో పిండి అంటాం. ఇంగ్లిష్‌వాడు సామాన్లనీ, సలహాల్నీ, సమాచారాన్నీ కూడా ఆ బంగారం వరసలో పడేశాడు. అందుకే ఏ పీస్ ఆఫ్ ఫర్నిచర్, ఏ పీస్ ఆఫ్ అడ్వైస్, ఏ పీస్ ఆఫ్ న్యూస్, ఏ బార్ ఆఫ్ సోప్, ఏ లోఫ్ ఆఫ్ బ్రెడ్. ఏది ఏ వరసలో వేయాలన్నది ఏ భాషకా భాష తేల్చుకుంది. మనం జుట్టు అని ఒకసారి, వెంట్రుకలు అని ఒకసారి అంటాం, అలాగే వాళ్లూ తలంతా కలిపి హెయిర్ అంటారు, అన్నంలో ఒక్కటి వస్తే మాత్రం ఏ హెయిర్.

బోర్డు మీద మీ ఇష్టం. కానీ పిల్లాడు పరీక్షలో రాస్తే మార్కు పోతుంది, అది మీ బోర్డు తెచ్చిపెట్టదు.

కోట్లమంది అంటే ఎలా తప్పవుతుంది అన్నది మాత్రం మంచి ప్రశ్న. ఇంగ్లిష్‌వాళ్లే ఈ పని చేశారు. బఠాణీలకు పాత ఇంగ్లిష్ మాట పీజ్, అది బియ్యం, పిండి లాగా లెక్కపెట్టని మాట. చివర్లో జ్ వినపడేసరికి జనం అది బహువచనం అనుకున్నారు, అయితే ఒక గింజ పీ అయ్యుండాలి కదా అని కొత్త మాట పుట్టించారు. అందరూ అదే అనేసరికి నిఘంటువులోకి ఎక్కింది. చిల్డ్రన్ సంగతి ఇంకా తమాషా. పాతకాలంలోనే దానికి ర్ చేరి ఒక బహువచనం అయింది, అది చాలదన్నట్టు దాని మీద ఎన్ చేరి ఇంకోటి అయింది. బావగారు నవ్విన షూస్‌లు కూడా అచ్చం ఇదే. న్యూస్‌ని కూడా ఒకప్పుడు బహువచనంగానే వాడేవాళ్లు, తర్వాత ఈజ్‌కి మారింది. కాబట్టి ఫర్నిచర్స్ కూడా ఎప్పటికైనా ఒప్పవుతుందేమో, ఈ ఏడాది పదో తరగతి రాసేవాడికి మాత్రం పనికిరాదు.

జైపూర్ దుకాణం, జైపూర్

అయితే నా బోర్డు కాలం కన్నా ముందుందన్నమాట. థాంక్సండీ మాస్టారూ.

గొడ్ల డాక్టర్ గారి కాంపౌండర్, బిసంకటక్

మా రిపోర్టుల్లో రోజూ వచ్చే గోల ఇది. ఫార్టీ కాటిల్స్ వ్యాక్సినేటెడ్ అని రాసి పంపితే పైనుంచి ఎర్ర సిరా గీత పడి వచ్చింది. కాటిల్‌కి ఎస్ పెట్టకూడదట, కానీ ఆర్ మాత్రం పెట్టాలట. ఇదేం న్యాయమండీ? మరి షీప్‌కి ఏం చేయాలి?

నాగావళి గట్టు, రాయగడ

అన్నా, కాటిల్, పీపుల్, పోలీస్, పౌల్ట్రీ ఇవి ఒక బ్యాచ్. చూడటానికి ఎస్ లేదు, లోపల గుంపు ఉంది. ద పోలీస్ హావ్ కమ్, ద కాటిల్ ఆర్ గ్రేజింగ్. పోలీస్ ఒక్కడే వస్తే ఏ పోలీస్‌మన్ అనాలి, ఏ పోలీస్ అనకూడదు. కాటిల్‌ని లెక్కేసి రాయాలంటే ఫార్టీ హెడ్ ఆఫ్ కాటిల్, ఇక్కడ హెడ్‌కి కూడా ఎస్ రాదు. లేదంటే ఏ గొడవా లేకుండా కౌస్, బుల్స్ అని విడివిడిగా రాసెయ్. ఎద్దులకు మాత్రం ఆక్సెన్. షీప్ ఒకటైనా షీప్, వందైనా షీప్, డీర్ కూడా అంతే. మేకలకు మాత్రం మామూలుగా గోట్స్.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

బాగా చెప్పావు బాబూ. పీపుల్ విషయంలో ఒక్క మాట చేరుస్తా. మనుషులు అనే అర్థంలో ఎస్ రాదు, జాతులు, తెగలు అనే అర్థంలో వస్తుంది. ఒడిశాలో 62 షెడ్యూల్డ్ తెగలున్నాయి, వాళ్లందరి గురించి వ్యాసం రాస్తే ద ట్రైబల్ పీపుల్స్ ఆఫ్ ఒడిశా అనడం సరైనదే. ఫిష్ కూడా ఇదే కోవ. బుట్టెడు చేపలు ఫిష్, రకరకాల జాతుల గురించి చెప్పేటప్పుడు ఫిషెస్.

పదో తరగతి పాప, గుణుపూర్

నేను టీచర్ గారి స్టూడెంట్‌నే, అమ్మ ఫోన్‌లోంచి రాస్తున్నా. నాకు రెండు డౌట్లు. ఫైవ్ హండ్రెడ్ రుపీస్ తర్వాత ఈజ్ వస్తుందా ఆర్ వస్తుందా? మా టైలర్ ఆంటీ కత్తెర గురించి రాస్తే సిజర్ అని రాయాలా? ఎల్లుండి పరీక్ష, చాలా టెన్షన్‌గా ఉంది.

వంశధార టీచర్, గుణుపూర్

ఫోన్ పక్కన పెట్టి చదువుకోమన్నాను కదే తల్లీ! సరే, అడిగావు కాబట్టి. "ఐదు వందలు చాలవు" అని మనం బహువచనంలో అంటాం, అందుకే నీకు ఆర్ అనిపిస్తోంది. ఇంగ్లిష్‌లో డబ్బు, దూరం, కాలం మొత్తంగా ఒక ముద్దలా చూసినప్పుడు ఈజ్. ఫైవ్ హండ్రెడ్ రుపీస్ ఈజ్ నాట్ ఎనఫ్, టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఏ లాంగ్ డిస్టెన్స్. హండ్రెడ్‌కి ముందు అంకె ఉంది కాబట్టి హండ్రెడ్స్ అనకు. అంకె లేకుండా వందలాది అనేటప్పుడే హండ్రెడ్స్ ఆఫ్.

కత్తెర మనకు ఒకటే, వాళ్లకు రెండు అలుగులు కాబట్టి ఎప్పుడూ సిజర్స్, ఆర్. ట్రౌజర్స్, స్పెక్టకిల్స్ అంతే. ఒకటి అని గట్టిగా చెప్పాలంటే ఏ పెయిర్ ఆఫ్ సిజర్స్, అప్పుడు పెయిర్ ఒకటే కాబట్టి ఈజ్. ఇక వెళ్లి పడుకో.

నాగావళి గట్టు, రాయగడ

😂😂 చెల్లెమ్మా ఆల్ ది బెస్ట్. లీవ్ లెటర్ వస్తే టూ డేస్ లీవ్‌లో డేస్ ఎస్ తర్వాత అపాస్ట్రఫీ పెట్టడం మర్చిపోకు. వన్ డేస్ లీవ్ అయితే ఎస్‌కి ముందు. అంతకన్నా సుఖం, లీవ్ ఫర్ టూ డేస్ అని రాసెయ్, అపాస్ట్రఫీ బెడదే ఉండదు.

వేదిక నిర్వాహకులు

చర్చ బాగుంది, కొనసాగించండి. ఒక్క మనవి, పై పోస్టుల మధ్యలో ఎవరో కోచింగ్ సెంటర్ ప్రకటన అతికించారు, తీసేశాం.

వంశధార టీచర్, గుణుపూర్

మాస్టారు చెప్పింది ఇవాళ సాయంత్రమే ట్యూషన్‌లో వాడి చూశాను. గైడు మూయించి, ఇంటికి నెల సరుకుల పట్టీ రాయమన్నాను, ముందు తెలుగులోనో ఒడియాలోనో, పక్కనే ఇంగ్లిష్‌లో. పంచదార, ఉప్పు, నూనె, సబ్బులు, కొబ్బరికాయలు, గుడ్లు, అగ్గిపెట్టెలు. ఏ సరుకుకు కిలో, లీటరు, ప్యాకెట్ లాంటి కొలత కావలసి వచ్చిందో దాని కింద గీత గీయమన్నాను. గుడ్లకు, కొబ్బరికాయలకు అంకె వేస్తే చాలు, పంచదారకు అంకె ఒక్కటే వేస్తే షాపువాడు నవ్వుతాడు. గీత పడ్డవాటికి ఎస్ లేదు, ఎస్ వెళ్లి కిలోస్, లీటర్స్, ప్యాకెట్స్ మీద కూర్చుంటుంది అని వాళ్లే కనిపెట్టారు. సబ్బు దగ్గర మాత్రం గొడవైంది. మూడు సబ్బులు అని మనం అంకెతోనే అంటాం కదా అని ఒకడు వాదించాడు. వాడన్నదీ నిజమే, అందుకే బార్ అనే మాట అక్కడ బయటపెట్టాల్సి వచ్చింది. తర్వాత అదే పట్టీ కింద సలహా, సమాచారం, సామాను, హోమ్‌వర్క్ రాయించి, ఇవి పంచదార గడిలోకి వెళ్తాయని చెప్పాను.

ఒడియా పిల్లలకు ఇది అంతగా పని చేయలేదు, వాళ్లు టెన్ ఎగ్ అనే రాశారు. వాళ్లకు వేరే దారి చూడాలి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

వాళ్లకు చెవి ద్వారా చెప్పండి. ఎస్ వాళ్లకు కనిపిస్తుంది కానీ వినిపించదు. క్యాట్స్‌లో స్ అని, డాగ్స్‌లో జ్ అని, బసెస్‌లో ఇజ్ అని మూడు రకాలుగా పలుకుతుంది, మనం అన్నిటినీ ఒకే స్‌తో లాగించేస్తాం. పది గుడ్లు చూపించి గట్టిగా టెన్ ఎగ్జ్ అనిపించండి, చివర జ్ మీద ఒత్తి పలికించండి. నోటికి అలవాటైతే చేతికి వస్తుంది. ఒడియాలో టా, టీ అంకెకు తగులుతుంది, ఇంగ్లిష్‌లో ఎస్ వస్తువుకు తగులుతుంది, తగిలించే చోటు మారింది అని చెప్పినా వాళ్లు చప్పున పట్టుకుంటారు.

బరంపురం బావ, బరంపురం

మాస్టారూ, చివరగా ఒకటి. మా పాత బడి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులుగా కొట్లాట. గ్రూపు పేరు అలుమ్ని అని ఉంది, ఒకడు తన పరిచయంలో ఐ యామ్ యాన్ అలుమ్ని అని రాశాడు, ఇంకొకడు అలుమ్నై అని పలకాలంటాడు, మా మరదలు తాను అలుమ్ని కాదంటుంది. ఎవరిది కరెక్ట్?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

లాటిన్ నుంచి వచ్చిన మాట. ఒక మగవాడు అలుమ్నస్, ఒక ఆడమనిషి అలుమ్నా, అందరూ కలిస్తే అలుమ్నై. కాబట్టి గ్రూపు పేరు సరైనదే, పరిచయం రాసినవాడిది తప్పు, పలకడంలో రెండోవాడు ఒప్పు, మీ మరదలు పూర్తిగా ఒప్పు. క్రైటీరియాది కూడా ఇలాంటి కథే, అది గ్రీకు మాట, ఒక్కటే ఉంటే క్రైటీరియన్.

బరంపురం బావ, బరంపురం

మరదలికి చూపించాను. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టేసింది. ఇప్పుడు కొట్లాట ఇంకా పెరిగింది.